వందలో పది పాళ్ళు

అది 2018 వేసవి. దెందులూరు దాటాక హైవే పక్కనున్న ఒక చిన్న ఆసుపత్రిలో నేను ఐసీయూ డాక్టర్ని. ఐసీయూ అన్నానని పెద్దగా ఊహించుకోకండి. నాలుగు మంచాలు, ఒకే ఒక్క వెంటిలేటర్, అంటే రోగికి బదులు ఊపిరి ఆడించే యంత్రం. తలకి స్కానింగ్ తీయించాలంటే ఏలూరు పంపాలి. ఆ మాత్రం సరంజామాతోనే, గుమ్మంలో చెప్పులు విప్పేలోగా ఎవరు బతుకుతారో ఎవరు బతకరో చెప్పేసేవాణ్ణి. కొల్లేటి లంకల నుంచి గూడెం రైసు మిల్లుల దాకా నన్ను చిత్రగుప్తుడనేవారు.

సరే, చెప్పులు విప్పేలోగా అన్నది కోత. బీపీ, నాడి, రక్తపరీక్షలు చూసుకుని, పుస్తకంలో లెక్క ప్రకారం మార్కులు కూడి చెప్పేవాణ్ణి. దాన్నే స్కోర్ అంటాం. చేయించలేని పరీక్ష ఉంటే అది బాగానే ఉందనుకుని కూడేవాణ్ణి. చిత్రగుప్తుడన్నది మా కాంపౌండరు ఒక్కడే, అదీ నా వెనకాల.

ఒక ఉదయం కొల్లేటి వైపు ఊరినుంచి సత్యవతి అనే ఆవిణ్ణి తెచ్చారు. తెల్లారగట్ల కడుపునొప్పన్నదట, వాంతి చేసుకుందట, తర్వాత మాట పడిపోయిందట. మా దగ్గరకి వచ్చేసరికి ఊపిరీ ఆగిపోయేలా ఉంది. గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టాను. తర్వాత కోమా స్కోర్ చూశాను. కళ్ళు తెరవడానికి, మాట్లాడడానికి, కాళ్ళూ చేతులూ కదపడానికి మార్కులిస్తారు. ఏమీ లేకపోయినా ఊరికే మూడు ఇస్తారు. ఆవిడకి వచ్చింది ఆ మూడే. మెదడులో నరం చిట్లిందని నిశ్చయించేశాను.

ఆవిడ భర్త వెంకటరత్నం మంచం పక్కనే నిలబడి అడిగాడు. "ఏవండీ డాక్టరుగారూ, ఉన్నదున్నట్టు చెప్పండి. ఉంచమంటారా, తీసుకెళ్ళిపోమంటారా?"

"వందలో పది పాళ్ళండీ" అన్నాను. పది కూడా మొహమాటానికి అన్నదే.

"అయితే ఊపిరి ఉండగానే ఇంటి గడప దాటిస్తామండి. చివరి చూపన్నా ఇంట్లో దక్కుతుంది."

అది మావైపు మామూలే. నేను తలూపాను. అంబులెన్స్‌కి కబురు వెళ్ళింది. వెంకటరత్నం భార్య చెవి దగ్గర వంగి, కండువాతో కళ్ళొత్తుకుంటూ, "సత్యా, దేనికీ దిగులు పెట్టుకోకు. నీ గేదెని సుందరికి అప్పగిస్తాలే, బాగా చూసుకుంటాది" అన్నాడు. సుందరి అతని చెల్లెలు.

మానిటర్ మీద డెబ్బై అయిదున్న నాడి నూట ఇరవైకి ఎగబాకింది.

ఇది ఎవరికి చెప్పినా, ఆ అంకె చూడగానే గ్రహించేశానని చెబుతూ వచ్చాను. కాదండీ. వైరు ఊడిందనుకున్నాను. నొక్కి చూద్దామని వెళితే గట్టిగానే ఉంది. అప్పుడు అనుమానం వచ్చింది.

"ఇందాకేమన్నారు?"

"గేదె సంగతండి."

"మళ్ళీ అనండి."

పాపం, ఈ డాక్టరుకి మతిపోయిందనుకుంటూనే మళ్ళీ అన్నాడు. నాడి మళ్ళీ లేచింది. నేను వంగి, "అమ్మా, నా మాట వినబడుతుంటే కాలి వేలు కదపండి" అన్నాను. బొటనవేలు బియ్యపు గింజంత కదిలింది.

"రాత్రి ఎక్కడ పడుకుందండీ?"

"చేపల చెరువు గట్టు మీద కాపలా పాకలోనండి. ఉక్కగా ఉందని కింద పడుకుంది."

కట్లపాము. దాని గాటు కంటికి ఆనదు, నొప్పి కూడా తెలియదు. విషం కండరాలన్నిటినీ కట్టేస్తుంది, రెప్పలతో సహా. తెలివిని మాత్రం ముట్టుకోదు. ఆవిడ కదల్లేకపోయిందే తప్ప, నా జోస్యం మొత్తం వింటూనే ఉంది. అంబులెన్స్‌ని తిప్పి పంపేశాను. విషానికి విరుగుడు సూది వేసి, ఊపిరి వెంటిలేటర్‌కి వదిలేశాం. విషం దిగడానికి రోజులు పట్టింది.

గొట్టం తీసిన మర్నాడు, బొంగురు గొంతుతో ఆవిడ మొదటి మాట భర్తతోనే. "సుందరికి గేదె కావాలేం? పాలు పితకడం వచ్చా దానికి?" తర్వాత నావైపు తిరిగింది. "ఏవండీ డాక్టరుగారూ, నాకు పది పాళ్ళన్నారు కదా. మిగతా తొంభై ఎవరికిచ్చారండీ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక నవ్వు రాలేదు.

వైరు వంక చూడకుండా వదిలేసి ఉంటే, అంబులెన్స్ కదిలేది. ఊరు చేరకముందే ఆవిడ పోయేది. నేను టీ బడ్డీ దగ్గర "చెప్పానా లేదా?" అని, సరిపోయిన జోస్యాల్లో దాన్నీ కలుపుకునేవాణ్ణి. నా మాట మీద ఇళ్ళకి వెళ్ళిపోయినవాళ్ళందరినీ అలాగే కలుపుకున్నాను. వాళ్ళలో ఎందరు నిజంగా పోయేవాళ్ళో, ఎందరు నేను పొమ్మన్నందుకే పోయారో, ఇప్పుడు చెప్పగలిగేవాళ్ళెవరూ లేరు.

ఆ తర్వాత కూడా స్కోర్ వేయడం మానలేదు. ఒక్క వెంటిలేటర్ ఉన్నచోట ఏదో ఒక లెక్క తప్పదు. కానీ ఎవరైనా "తీసుకెళ్ళిపోమంటారా?" అని అడిగితే మాత్రం, వాళ్ళని బయటికి తీసుకొచ్చి, "ఇంకొక్క రోజు చూద్దామండీ" అనేవాణ్ణి. అందువల్ల నా జోస్యాలు చాలా తప్పాయి. నా పేరు కూడా కాస్త తగ్గింది. సత్యవతి గేదె పెరుగు మాత్రం చాన్నాళ్ళు మా ఇంటికి వచ్చింది.