రెండు చేతులూ సూర్యుడికే

ఈత రానివాడు సముద్రంలోకి వెళ్లడం ఒక తప్పు. వెళ్లినవాడు పడవలో లేచి నిలబడటం రెండో తప్పు. నిలబడ్డవాడు రెండు చేతులూ పైకెత్తడం మూడో తప్పు. ఈ మూడింటినీ ఒకే పొద్దున, సూర్యుడు పూర్తిగా పైకి రాకముందే చేసేసిన ఘనుణ్ణి నేను. చదువుతూ నా మీద జాలి పడకండి. ఆ పడే పనేదో నేనే చేసేశాను.

మాది అరసవల్లి. పొద్దున్నే సూర్యుడికి అర్ఘ్యం ఇస్తేగానీ మా ఇంట్లో కాఫీ పుట్టదు. అప్పట్లో నౌపడ దగ్గర బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి. నాతో పదో తరగతి చదివిన అప్పన్నది ఆ పక్కనే సముద్రపు పల్లె. చేపల వేటకు నన్నూ తీసుకెళ్లమని వాడి ప్రాణం తోడగా తోడగా, ధనుర్మాసం చలిలో, కానాగంత చేపలు వలలో పడే రోజుల్లో ఒప్పుకున్నాడు.

తెల్లవారుజామున ఒడ్డునే షరతులు పెట్టాడు.

"సూడు పంతులూ, రెండే మాటలు. ఈ లైఫ్ జాకెట్టు ఏసుకో. పడవలో ఉన్నంతసేపూ ఒక సెయ్యి నీది, ఒక సెయ్యి పడవది. అంచు ఒదిలీకు."

"మరి నీ జాకెట్టేదిరా?"

"అదిగో, వలకింద. కవరు కూడా ఇప్పలేదు. నీటిలో పుట్టినోణ్ణి, నాకేటవుతాది?"

నా ఒంటిమీద అప్పటికే రెండు స్వెట్టర్లు, మఫ్లరు, మంకీ క్యాప్. వాటిపైన జాకెట్టు పట్టలేదు. కూర్చునే చెక్కేమో మంచుగడ్డలా ఉంది. జాకెట్టేమో మెత్తగా ఉంది. ఇంకేం, దాన్ని పరుచుకుని దర్జాగా కూర్చున్నాను. నడుముకి పైన కట్టాల్సినదాన్ని నడుముకి కింద పెట్టానన్నమాట. వెనక ఇంజను దగ్గరున్న అప్పన్నకి చీకట్లో అది కనబడలేదు.

వల వేశాం. తూర్పు ఎర్రబడింది. నేను సంచిలోంచి మా తాతగారి రాగిచెంబు తీసి, సముద్రంలో ముంచి, లేచి నిలబడ్డాను.

"ఏటి సేస్తన్నావు పంతులూ?"

"అర్ఘ్యం."

"కూకుని ఇయ్యి!"

"కూర్చుని ఇస్తే అర్ఘ్యమవుతుందట్రా? టీ ఇచ్చినట్టుంటుంది."

"పోనీ ఒక సేత్తో ఇయ్యి. రెండోది పడవది!"

"ఒంటిచేత్తోనా? అపచారం!"

"అల వస్తన్నాది, కూకోరా బాబూ!"

నేను అప్పటికే కళ్లు మూసుకుని చెంబెత్తాను. సూర్యుడికి చెంబెడు నీళ్లిద్దామనుకుంటే, సముద్రం నాకు తన నీళ్లన్నీ ఇచ్చింది.

స్వెట్టర్లు రెండూ కడుపారా తాగి నన్ను కిందికి లాగాయి. తాతగారి చెంబు నాకోసం ఆగకుండా ముందే వెళ్లిపోయింది. నాతోపాటే జారిన జాకెట్టు మాత్రం నాలుగు బారల దూరంలో హాయిగా తేలుతోంది, ఎవరినీ తొడుక్కోకుండా. నవ్వకండి. కాళ్ల కింద ఏమీ లేకపోవడమంటే ఏమిటో అప్పుడే తెలిసింది. ఊపిరి తీస్తే ఉప్పు. అరుద్దామని నోరు తెరిస్తే మరో గుక్కెడు ఉప్పు.

మొహం మీద తాడు వచ్చి పడింది.

"అట్టుకో! రెండు సేతులతోటీ అట్టుకో! ఇప్పుడెత్తు నీ రెండు సేతులూ!"

తడిసిన వలను లాగినట్టు లాగి పడవలో పడేశాడు. స్వెట్టర్లు ఊడబీకి, తన దుప్పటి చుట్టాడు. నా పళ్ల టకటక ఇంజను మోతను మించిపోయేసరికి, సగం కూడా నిండని వల ఎత్తేసి పడవ ఒడ్డుకి తిప్పాడు.

"మీ సూర్యుడికి సెప్పు పంతులూ, ఈయేళ కానాగంతలన్నీ ఆయనకే ఇచ్చీసినాను."

అక్కడితో ఆగితే బాగుండును. పన్నెండేళ్లుగా వాడు ఈ కథ చెబుతూనే ఉన్నాడు. చేపలమ్మే ఆడవాళ్లు సైతం, "సేపలకి అర్ఘ్యమిచ్చిన మేస్టారు మీరేనేటండి?" అని అడుగుతారు. వాడి కథలో అప్పుడప్పుడూ నా ఒంటిమీద ఒక స్వెట్టరు పెరుగుతుంది. ఈ మధ్య ఐదుకు చేరాయి.

మొన్న చలికాలం వాళ్ల అరుగు మీద, చుట్టాల ముందు మళ్లీ మొదలుపెట్టాడు. వాడి భార్య నీలమ్మ టీ అందిస్తోంది. నేను చాలా మెత్తగా అడిగాను.

"అంతా బాగానే చెప్పావు గానీ అప్పన్నా, ఆ రోజు వలకింద దాచావే, నీ జాకెట్టు, దాని కవరు ఇప్పటికైనా విప్పావా?"

అప్పన్న గబుక్కున టీ గ్లాసు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. నీలమ్మ గ్లాసుల పళ్లెం కింద పెట్టింది.

"ఏటీ? రోజూ ఏసుకుంటన్నానని నాకాడ ఒట్లేసినావు కదా!"

ఇక నా సంగతి. మేడమీద, పిట్టగోడకు ఓ గజం ఇవతల, చుట్టుపక్కల తడి లేకుండా చూసుకుని మాత్రమే అర్ఘ్యం ఇస్తానని ఆ సూర్యనారాయణమూర్తి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.

అప్పన్న సంగతంటారా? ఇప్పుడు రోజూ తెల్లారుజామున నీలమ్మే ఒడ్డుకొచ్చి వాడికి జాకెట్టు తొడిగి, పట్టీలు బిగిస్తుంది. అది అయ్యేదాకా వాడు ఊళ్లో పడవలవాళ్లందరి ముందూ, తూర్పుకి తిరిగి, బుద్ధిగా రెండు చేతులూ పైకెత్తి నిలబడాలి.