నా కోసం తొలగించండి

మా నగరిలో ఎవరైనా పోతే ముందు చెంగల్రాయుడికి తెలుస్తుంది, ఆ తర్వాత సొంత బిడ్డలకు తెలుస్తుంది. వెటకారానికి అంటున్నానని అనుకోకండి, ఒకసారి అచ్చంగా అలాగే జరిగింది. ఆ సంగతికి వస్తాను. ముందు మనిషిని చూడండి.

అరవై మూడేళ్ల వయసు. సన్నటి మీసం, చేతిలో ఫోను, చొక్కా జేబులో కళ్లజోడు. కళ్లజోడు ఎప్పుడూ జేబులోనే, కళ్ల మీద కాదు. ముప్పై ఏళ్లు మరమగ్గాల షెడ్డులో పనిచేశాడు. ఆ మోతకు చెవులు కాస్త మందగించాయి, అందుకే ఎదురుగా ఉన్నవాడితో కూడా పక్క వీధికి వినిపించేట్టు మాట్లాడతాడు. పని మానేశాక కొడుకు భానుచందర్ ఒక ఫోను కొనిచ్చి, ఫోటోలకు పూలూ దీపాలూ ఎలా అతికించాలో నేర్పించాడు. నేర్పించిన పాపానికి ఆ పిల్లాడు ఇప్పటికీ ఊరివాళ్ల చేత తిట్లు తింటున్నాడు.

"నగరి నేత మిత్రులు" అని మాకో వాట్సాప్ గ్రూపు ఉంది. రెండు వందల నలభై మందిమి ఉన్నాం. నూలు ధర, కరెంటు కోత, పెళ్లి పిలుపు, ఎవరిదో తప్పిపోయిన మేక, అన్నీ అందులోనే. చావు కబుర్ల శాఖ మాత్రం చెంగల్రాయుడిది. ఎవరూ అప్పగించలేదు, ఆయనే తీసుకున్నాడు. పోస్టరు మధ్యలో పోయినవాళ్ల ఫోటో, రెండు పక్కలా దీపాలు, పైన "కన్నీటి నివాళి", కింద కుడి మూలలో చేతులు జోడించిన చెంగల్రాయుడు. రానురాను ఆ మూలలోని చెంగల్రాయుడు పెరుగుతూ వచ్చాడు. పోయిన ఏడాది ఒక పెద్దాయనకు వేసిన పోస్టరు చూసి, పోయిందెవరో సరిగ్గా అర్థం కాక, పుత్తూరు నుంచి ఇద్దరు మనుషులు చెంగల్రాయుడి ఇంటికే పూలమాలలు తీసుకుని వచ్చారు. ఆయనే తలుపు తీసి వాళ్లకు కాఫీ ఇప్పించి పంపాడు.

మాటలు అందరికీ ఒకటే. "మృదుస్వభావి, స్నేహశీలి, సేవా తత్పరులు." పెళ్లాన్ని వీధిలో నిలబెట్టి తిట్టినవాడు పోయినా మృదుస్వభావే. జన్మలో ఒకరికి గుక్కెడు మంచినీళ్లు ఇవ్వనివాడు పోయినా సేవా తత్పరుడే. మా ఊళ్లో మంచివాడు అనిపించుకోవడానికి అంతకన్నా సులువైన దారి లేదు. అందరికన్నా ముందు పెట్టాలనేది ఆయన పంతం. అందుకని డెబ్బై దాటినవాళ్లకూ, ఆస్పత్రిలో చేరినవాళ్లకూ ముందే పోస్టరు తయారుచేసి ఫోనులో ఉంచుకుంటాడు. తేదీ ఒక్కటే ఖాళీగా వదులుతాడు.

ఇప్పుడు ఆ సంగతి. మూడేళ్ల కిందట శకుంతలమ్మ పోయింది. ఆమె భర్త పరంధామయ్య, చెంగల్రాయుడు ఒకే షెడ్డులో పక్కపక్క మగ్గాల మీద పనిచేసినవాళ్లు, వరసకు బావా బావమరుదులు. తెల్లవారి ఐదున్నరకు ఆమె ప్రాణం పోతే, ఆరు కాకముందే పోస్టరు గ్రూపులో ఉంది. వాళ్ల కూతురు రేవతి తడలో ఉంటుంది. అల్లుడికి శ్రీ సిటీ ఫ్యాక్టరీలో ఉద్యోగం, అతనూ మా గ్రూపులో ఉన్నాడు. పొద్దుటి షిఫ్టుకు పోయే మొగుడికి క్యారియరు కడుతూ, పక్కన మోగిన ఫోను తీసి చూసింది రేవతి. అమ్మ ఫోటో, రెండు పక్కలా దీపాలు. బిడ్డకు ఎలా చెప్పాలా అని పరంధామయ్య అప్పటికింకా ఫోను చేతిలో పట్టుకుని ఇంటి ముందు కూర్చునే ఉన్నాడు. ఆ రోజు నుంచి ఆయన చెంగల్రాయుడితో ఒక్క మాట మాట్లాడలేదు. ఎదురొస్తే తల తిప్పుకుని పోయేవాడు.

చేసింది తప్పని చెంగల్రాయుడికి తెలుసు. ఒప్పుకోవడమే తెలియదు. "బావ ఒక్క తూరి నాతో మాట్లాడితే సాలప్పా, ఇంకేమొద్దు," అని నాతో ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు. "నువ్వే పోయి మాట్లాడు," అంటే, "మొగం సెల్లదు," అనేవాడు. ఆ మాట అన్నప్పుడు మాత్రం ఆయన గొంతు పక్క వీధికి వినిపించేది కాదు.

పోయిన నెల పరంధామయ్యకు గుండెనొప్పి వస్తే తిరుపతిలో ఆస్పత్రిలో చేర్చారు. చెంగల్రాయుడు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదని ఆయన భార్య వరదమ్మ చెప్పింది. తిరుపతి బస్సెక్కుదామని రెండుసార్లు బస్టాండు దాకా పోయి తిరిగి వచ్చాడట. మూడోనాడు ఏం చేశాడనుకున్నారు? ఇంట్లో కూర్చుని పోస్టరు తయారుచేశాడు. మనిషిని చూసి రావడానికి చెల్లని మొహం, దీపాల పక్కన మూలలో మాత్రం చక్కగా అమిరింది. ఈ మాట తర్వాత విన్నప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది.

ఒక ఆదివారం పొద్దున మా గ్రూపు పెద్ద మునిచంద్ర పుట్టినరోజు వచ్చింది. పుట్టినరోజు పోస్టర్లూ చెంగల్రాయుడివే. దీపాల బదులు బెలూన్లు ఉంటాయి, అంతే తేడా. ఆయన ఫోనులో బెలూన్ల మునిచంద్ర, దీపాల పరంధామయ్య పక్కపక్కనే ఉన్నారు. కళ్లజోడు జేబులో ఉంది. బెలూన్ల మీద పడాల్సిన వేలు దీపాల మీద పడింది.

పంపాక కళ్లజోడు పెట్టుకుని చూసుకున్నాడు. పంపిన దాన్ని తొలగించవచ్చని కొడుకు ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చి ఫోటో మీద వేలు నొక్కిపట్టాడు. ఫోను రెండు దారులు చూపించింది: "అందరి కోసం తొలగించండి", "నా కోసం తొలగించండి". చెంగల్రాయుడు ఫోనును తెలుగులో పెట్టుకున్న మనిషి. తెలుగు బాగా వచ్చిన మనిషి కూడా, అదే కొంప ముంచింది. అందరి కోసం అంటే ఊరి బాగు కోసం. కొంప కాలుతుంటే ఊరి బాగు ఎవడిక్కావాలి? "నా కోసం తొలిగిచ్చు తల్లీ, నీకు పుణ్ణెముంటాది," అని ఫోనుకు దణ్ణం పెట్టి మరీ రెండోది నొక్కాడు.

పోస్టరు మాయమైంది. ఆయన ఫోనులోంచి మాత్రమే మాయమైంది. తక్కిన రెండు వందల ముప్పై తొమ్మిది ఫోన్లలో పరంధామయ్యకు రెండు పక్కలా దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. "నా కోసం" అంటే "నాకొక్కడికి కనపడకుండా" అని అర్థమట. ఇది ఏ ఊరి తెలుగో నాకు తెలియదు. చెంగల్రాయుడు మాత్రం గండం గడిచిందనుకుని స్నానానికి పోయాడు.

తిరిగొచ్చి చూస్తే గ్రూపు నిండా "ఓం శాంతి". "పరంధామయ్య గారి ఆత్మకు శాంతి కలగాలి." "మంచి మనిషిని పోగొట్టుకున్నాం." వాటిలో నాదీ ఒకటి ఉంది, దాచుకోవడం ఎందుకు. పోస్టరు మీద తేదీ ఖాళీగా ఉందని నేను చూడలేదు, ఇంకొకరూ చూడలేదు. మునిచంద్ర కూడా తన పుట్టినరోజు ఎవరికీ గుర్తు లేనందుకు మనసులో తిట్టుకుంటూనే చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు.

అప్పుడు చెంగల్రాయుడికి మొట్టమొదట వచ్చిన ఆలోచన ఏమిటో ఆయనే తర్వాత నాతో ఒప్పుకున్నాడు. నాకన్నా ముందు పెట్టింది ఎవడు? తెరను పైకి తోశాడు, కిందికి తోశాడు, ఆ మొనగాడు ఎక్కడా కనపడలేదు. రెండో ఆలోచన వచ్చేసరికి నేల మీద కూలబడ్డాడు. బావ పోయాడు. తాను పొరపాటున పోస్టరు పంపిన పావుగంటకే పోయాడు. తన చెయ్యే తగిలింది. ఆయన కూడా "ఓం శాంతి" పెట్టాడు. ఇంక మాకు అనుమానం ఎందుకుంటుంది?

ఎత్తుబడి ఎన్నింటికో, శవాన్ని ఎప్పుడు తీస్తారో కనుక్కుందామని నేను చెంగల్రాయుడి ఇంటికి పోయాను. చెంగల్రాయుడు గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు. వరదమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉంది. తయారుచేసి దాచుకున్న పోస్టరు ఫోనులో తెరిచి ఉంది. తేదీ వేస్తే చాలు, పంపేయవచ్చు. ఆయన వేలు దాని మీదికి పోయి ఆగింది. పోస్టరు పక్కకు తోసి రేవతి నంబరు వెతికాడు. చెవులు మందం కదా, స్పీకరు పెట్టాడు.

"అమ్మా రేవతీ, నేను సెంగల్రాయుడు మామను. ముందు కూసో."

"కూసున్నా మామా. సెప్పు."

"నీళ్లు తాగినావా? పక్కన మీ ఇంటాయన ఉండాడా?"

"తాగినా. ఉండాడు. సెప్పు."

"గుండె రాయి సేసుకోవల్ల తల్లీ. మీ నాయన..." వరదమ్మ చేతిలోని చెంబు అందుకుని ఒక గుక్క తాగాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "మీ నాయన మనల్ని ఇడిసి పోయినాడమ్మా. పోయిన తూరి నీకు సెప్పకుండా తప్పు సేసినా. ఈ తూరి నీకే ముందు సెప్తా ఉండా. గ్రూపులో పోస్టరు గూడా ఎయ్యలేదు."



"మామా," అంది రేవతి, "నీ పోస్టరు నేను తొమ్మిదికే సూసినా. అమ్మ పోయిన దినమే గురుతొచ్చింది. పక్క రూములోకి పరిగెత్తినా. నాయన దోసె తింటా ఉండాడు. చెట్నీలో కారం సాల్లేదంట."

ఆస్పత్రి నుంచి పంపించేశాక పరంధామయ్య వారంగా తడలో కూతురింట్లోనే ఉన్నాడు. ఆ ముక్క అల్లుడికి తప్ప మా గ్రూపులో ఇంకొక్కడికీ తెలియదు. ఎవరెవరు ఏమంటారో చూద్దామని, పరంధామయ్య అతన్ని గ్రూపులో ఏమీ పెట్టనివ్వలేదట.

"నా పోస్టరా?" అన్నాడు చెంగల్రాయుడు. "నేను తీసేసినా కదమ్మా! నా కోసం తొలగించండి అని ఒత్తినా!"

"నీ కోసమే తొలిగింది మామా. మాకందరికీ ఆడనే ఉండాది."

ఇంతలో ఫోను చేతులు మారింది. "ఒరే సెంగా," అంది అవతలి గొంతు. నీరసంగా ఉంది, కానీ పరంధామయ్యదే. చెంగల్రాయుడు లేచి నిలబడ్డాడు. మూడేళ్ల తర్వాత విన్నాడు ఆ పిలుపును.

"బావా."

"నేను పోయినానని నిజంగా నమ్మినావా?"

"నమ్మినా బావా."

"నమ్మి, పోస్టరు ఎయ్యకుండా, నా బిడ్డకు ఫోన్ సేసినావా?"

"సేసినా."

 బావ ఫోను పెట్టేస్తాడేమోనని చెంగల్రాయుడు నా వైపు చూశాడు. నేనే కల్పించుకుని, గ్రూపు పెద్ద మునిచంద్రకు చెబితే ఆ పోస్టరు అందరి ఫోన్లలోంచీ తీసేస్తాడని అన్నాను.

"తీయొద్దు," అన్నాడు పరంధామయ్య. "తీస్తే, ఏం తీసినారు, ఎందుకు తీసినారు అని వారం దినాలు అడగతారు. ఉండనీ. దాని కిందనే తప్పు తనదని వాణ్ణి రాయమను. ఇబ్బుడే. నేను లైన్లోనే ఉంటా."

చెంగల్రాయుడు కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అక్షరం వెతికి రాశాడు. "పరంధామయ్య క్షేమంగా ఉన్నారు. పోస్టరు నా తప్పు. మూడేళ్ల కిందటిది కూడా నా తప్పే." ఆ చివరి మాట రాయమని ఎవరూ అడగలేదు. మూలలో ఫోటో లేకుండా ఆయన గ్రూపులో పెట్టిన మొదటి కబురు అదే. దాని కింద వెంటనే ఎవడో చదవకుండానే "ఓం శాంతి" అన్నాడు.

రాసింది గట్టిగా చదివి వినిపించమన్నాడు పరంధామయ్య. విన్నాక మొదలుపెట్టాడు. మృదుస్వభావి అంటావా నన్ను, ఎవురికిరా నేను మృదుస్వభావి? శకుంతల నిన్ను సొంత తమ్ముడి మాదిరి సూసింది కదరా, ఆ తల్లి పోయినాక అర్ధగంట ఓపిక పట్టలేకపోయినావా? ఆస్పత్రిలో పద్దినాలు పడుంటే ఒక్క దినం రాలేకపోయినావా? నువ్వొస్తావని వాకిలి తట్టు సూస్తా పడుకున్నా కదరా. తిట్టాడు, ఊపిరి తీసుకుని మళ్లీ తిట్టాడు. చెంగల్రాయుడు ఫోనును రెండు చేతులా పట్టుకుని, కన్నీళ్లు కారిపోతుంటే, ప్రతి తిట్టుకూ "అవును బావా" అంటూ నిలబడ్డాడు. ఎక్కడ ఆపేస్తాడోనని భయపడుతున్నట్టు కనిపించాడు నాకు.

చివరికి పరంధామయ్యకే ఆయాసం వచ్చింది.

"డాక్టరు ఎక్కువ మాట్లాడొద్దన్నాడు. మిగిలింది రేపొచ్చి తిట్టిచ్చుకో."

చెంగల్రాయుడు ముక్కు చీదుకుని, "ఎన్ని గంటలకు రమ్మంటావు బావా?" అని అడిగాడు.