హోప్‌ఫుల్ అని చెప్పి ఓళిగలు తిన్నందుకు

ఒక ఇంగ్లీషు మాటను నమ్ముకుని నేను రెండు ఊర్ల పెద్దమనుషుల మధ్య తగువు పెట్టిన సంగతి ఇది. చివరికి శిక్ష పడింది నాకే గనుక మీరు నిశ్చింతగా నవ్వుకోవచ్చు.

ఆ మాట హోప్‌ఫుల్. ఆశ ఉన్న, ఆశ కలిగించే అని అర్థం. ప్రొద్దుటూరు కోచింగ్ సెంటర్లో పట్టుకున్నాను, మళ్లీ వదల్లేదు. పరీక్ష ఎట్ల రాసినావంటే హోప్‌ఫుల్. వాన పడుతుందా అంటే హోప్‌ఫుల్. ఔననే ధైర్యం, కాదనే ధైర్యం రెండూ లేనివాడికి అది ఎండలో గొడుగులాంటిది.

పులివెందుల మామ తన కొడుక్కి జమ్మలమడుగులో పిల్లను చూశాడు. పిల్ల నాయన జవాబు అడుగుతున్నాడు. మా బావేమో ఎటూ తేల్చడు.

"నువ్వు పోయి చెప్పిరాపోరా. ఔననొద్దు, కాదనొద్దు," అన్నాడు మామ.

ఇంతకంటే నాకు తగిన పని లోకంలో లేదు.

పిల్ల నాయన నన్ను కూర్చోబెట్టి, "ఏమంటాండారప్పా మీవోళ్లు?" అన్నాడు.

"హోప్‌ఫుల్‌గా ఉండారు. అంటే ఆశ ఉంది, ఇంకా ఖాయం కాలేదు," అని అర్థంతో సహా చెప్పాను. ఆయన తలూపాడు. అక్కడితో లేచి ఉంటే నేను ఈనాటికీ తెలివైనవాణ్ణే.

లోపల్నుంచి ఓళిగలు, అదే బొబ్బట్లు, వచ్చాయి, పైన నెయ్యి. మా వైపు సంబంధం ఖాయమయ్యేదాకా మగపిల్లోడి తరఫువాళ్లు పిల్ల ఇంట్లో తినరు. తిన్నారంటే మాట ఇచ్చినట్టే. నాకు తెలియక కాదు, ఆ వాసనకు గుర్తు రాలేదంతే. మారు కూడా వేయించుకున్నాను.

నేను బస్సు దిగేలోపే మామకు ఫోన్ పోయింది.

"తినొచ్చినావంట?"

"కొంచెమే మామా."

"కొంచెం తింటే కొంచెం పెండ్లి చేస్తారా? వాడు వద్దంటాండాడు."

తప్పు ఒప్పుకోవడానికి మళ్లీ నన్నే పంపారు. అప్పటికే బంధువులందరికీ చెప్పుకున్న పిల్ల నాయన తల పట్టుకుని కూర్చున్నాడు. వాకిట్లోకి వచ్చి పిల్లే అడిగింది.

"మీ బావకు నిజంగా ఆశ ఉండిందా?"

"లేదు."

"ఈ మాట ఆ పొద్దే చెప్పింటే ఏం పోతాండె? ఓళిగలన్నా మిగిలేవి."

నాయన తలెత్తాడు. "తినింది ఎవరప్పా?"

"నేనే."

"అట్లయితే మాట ఇచ్చిందీ నువ్వే."

నేను పిల్ల వైపు చూశాను. "నన్నేం చూస్తావు? నాకు ఇష్టమే. నువ్వు చెప్పు, ఔనా, కాదా?" అంది.

ఔనన్నాను.

పెళ్లి కాని పిల్ల ఉన్న ఇంట్లో ఇక మంచినీళ్లు కూడా ముట్టనని పెళ్లినాడే ప్రమాణం చేశాను.

"నిలబెట్టుకుంటావా?" అని అడిగింది కొత్త పెళ్లికూతురు.

నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, మళ్లీ ఔనన్నాను.