మూడు బంతుల పరీక్ష

దక్షిణ ఢిల్లీలోని ఒక నర్సింగ్ కాలేజీలో నేను పదహారేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. సూది వేయడం, కట్టు కట్టడం పిల్లలు తొందరగానే నేర్చుకుంటారు. రోగికి అర్థమయ్యేలా నాలుగు మాటలు చెప్పడమే వాళ్లకు గండం. "అర్థమైందా అని అడక్కండి. ఎవరైనా అర్థమైందనే అంటారు. చేసి చూపించమనండి" అని ప్రతి బ్యాచ్‌కీ అరిచి అరిచి చెబుతుంటాను.

నిరుడు చివరి సంవత్సరంలో ఒకమ్మాయి ఉండేది. వాళ్ల నాన్నది గుంటూరు వైపు. ఆ పిల్ల మాత్రం పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. తెలుగు మొత్తం అర్థమవుతుంది కానీ నోరు తెరిస్తే సగం హిందీయే. పుండు శుభ్రం చేసుకోవడం గురించి ఒక తాపీమేస్త్రికి చెప్పమని పంపితే, మెరుపులద్దిన చార్టు గోడకు అంటించి, పేషెంటుకు వీపు చూపిస్తూ చార్టుకే పాఠం చెప్పేసింది. ఆయన పాపం మొదటి రెండు నిమిషాల్లోనే కునుకు తీశాడు. మళ్లీ చేసి చూపించమన్నాను. ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను కరగలేదు.

ఆ తర్వాత నెల తిరక్కుండానే నా కడుపులో నొప్పి మొదలైంది. చర్చిలో ఎవరిదో పెళ్లి భోజనం చేసి ఇందిరాపురంలోని మా ఫ్లాటుకు వచ్చేసరికి నిటారుగా నిలబడలేకపోయాను. గాల్ బ్లాడర్‌లో రాళ్లన్నారు. మా కాలేజీ ఆసుపత్రిలోనే చేరాను. పొట్ట మీద నాలుగు చిన్న కన్నాలు పెట్టి దాన్ని తీసేశారు.

మర్నాడు పొద్దున్నే తెర తొలగించుకుని ఆ అమ్మాయే వచ్చింది. ఆ వారం ఆమె డ్యూటీ ఆ వార్డులోనేనట. నా మంచాన్ని ఆమెకు అప్పగించింది ఇన్‌చార్జి సిస్టర్. ఆవిడ దూరంగా నిలబడి నవ్వాపుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది.

"గుడ్ మార్నింగ్ మేడమ్. ఊపిరి ఎక్సర్‌సైజ్ నేర్పించడానికి వచ్చా" అంది. చేతిలో ప్లాస్టిక్ డబ్బా, దానికో గొట్టం. డబ్బాలో మూడు గదులు, గదికో బంతి. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు పైకి లేస్తాయి. ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తుల్లో కఫం పేరుకోకుండా ఉండడానికి ఇది చేయిస్తారు. ఎన్ని వందలమందికి నేర్పి ఉంటానో నాకే తెలియదు.

"నాకు తెలుసులేమ్మా. నీ రికార్డు పుస్తకం ఇలా ఇవ్వు, నేర్పించావని సంతకం పెట్టేస్తాను" అన్నాను.

"అచ్ఛా మేడమ్. ఒకసారి చేసి చూపించండి."

నా మందు నాకే పోసింది. పక్కనే కూర్చున్న మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టేశాడు. గొట్టం నోట్లో పెట్టుకున్నాను. మత్తు పూర్తిగా దిగలేదో, నొప్పి భయమో, బలమంతా తెచ్చుకుని ఉఫ్ మని ఊదాను. బంతులు కదలనైనా కదల్లేదు.

"మేడమ్, ఉల్టా చేస్తున్నారు. ఊదకండి, పీల్చండి."

మా ఆయన నవ్వాడు. పక్క మంచం మీద అదే ఆపరేషన్ చేయించుకున్న పంజాబీ ఆంటీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది కానీ, నవ్వగానే పొట్టలో కలుక్కుమని ప్రాణం పోయినంత పనైంది. ఆ పిల్ల చప్పున ఒక దిండు తెచ్చి నా పొట్టకు ఆనించి, దాని మీద నా చేతులు పెట్టింది.

"ఇప్పుడు నవ్వండి. దగ్గండి. ఏం కాదు."

గంటకు పదిసార్లు చేయాలని చెప్పి వెళ్లింది. మధ్యాహ్నం వచ్చి అడిగితే, చేశానని నిబ్బరంగా చెప్పాను.

"ఝూట్!" అంది పక్క మంచం ఆంటీ. పొద్దుట్నుంచీ నేను గుర్రు పెట్టి నిద్రపోయిన సంగతి హిందీలో పూసగుచ్చినట్టు చెప్పేసింది.

ఆ అమ్మాయి కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. స్టూలు లాక్కుని, నా మొహం వైపు తిరిగి కూర్చుని, గొంతు తగ్గించి, "మేడమ్, మీకు దేనికి డర్?" అని అడిగింది.

నిజం చెప్పడానికి సిగ్గేసింది. గట్టిగా ఊపిరి పీలిస్తే కుట్లు పుటుక్కున తెగిపోతాయేమోనని నా భయం. అలా తెగవని పరీక్ష పేపర్లో రాస్తే మార్కులిచ్చేదాన్ని నేనే. చివరికి ఆ భయమే బయటపెట్టాను. ఆమె నవ్వకుండా, చిన్నపిల్లకు చెప్పినట్టు మొదట్నుంచీ చెప్పింది. తెలిసిన విషయమే. అయినా ఆ పూట నాకది కొత్తగా వినిపించింది. వెల్లకిలా పడుకున్న మనిషికి చెవులు సగమే పనిచేస్తాయని, ఆ సగంలో భయం ముందే వచ్చి కూర్చుంటుందని నాకు అప్పుడే తెలిసింది. అర్థమైందో లేదో చూడమని పదహారేళ్లు చెప్పాను కానీ, భయమేమిటో అడగమని ఒక్క బ్యాచ్‌కీ చెప్పలేదు.

ఆ తర్వాత ఆమె ఆంటీకీ నాకూ పందెం పెట్టింది. సాయంత్రానికి ఆంటీ రెండు బంతులు లేపింది. నాది ఒక్కటే. మా ఆయన సిగ్గు లేకుండా ఆంటీ పక్షాన చప్పట్లు కొట్టాడు. మూడో రోజు ఇంటికి వెళ్లే ముందు నేను రెండు, ఆంటీ రెండున్నర. ఆ సగం ఎక్కడిదని ఎంత వాదించినా ఆంటీ వినలేదు.

రెండు వారాల తర్వాత కాలేజీకి వెళ్లి, గొట్టంలోకి ఊదిన సంగతి క్లాసులో నేనే చెప్పాను. అప్పటికే అందరికీ తెలుసట. అయినా మర్యాదకు మళ్లీ నవ్వారు. అప్పటి నుంచి రోగికి పాఠం చెప్పే ముందు అతని భయం ఏమిటో కనుక్కుని రాసుకురమ్మంటున్నాను. ఒకతనికి మందులకన్నా బెడ్‌పాన్ అంటే భయమట. ఇంకొకావిడకు కోడలంటే.

ఆ అమ్మాయి ఇప్పుడు గుర్‌గావ్‌లో బాలింతల వార్డులో పనిచేస్తోంది. పోయిన నెల హడావిడిగా ఫోన్ చేసింది.

"మేడమ్, శ్రీకాకుళం నుంచి ఒక దీదీ వచ్చింది. ఆమెకు హిందీ రాదు. డకార్‌ని తెలుగులో ఏమంటారు?"

"త్రేన్పు. పాలు తాగాక బిడ్డను భుజం మీద వేసుకుని, త్రేన్పు వచ్చేదాకా వీపు నిమరమని చెప్పు."

"ట్రేన్... ట్రెయినా మేడమ్?"

"ట్రెయిన్ కాదే తల్లీ, త్రేన్పు!"

ఫోన్ పక్కన పెట్టి ఆమె ఆ మాటను మూడు రకాలుగా పలకడం, ఆ బాలింత పకపకా నవ్వడం వినిపించాయి. తర్వాత ఆ తల్లే, "నాకు తెలుసునమ్మా, ఇద్గో, ఇలాగే కదా?" అంది. వీపు మీద మెత్తగా తట్టిన చప్పుడు. మేం ముగ్గురం ఎదురుచూశాం. బిడ్డ త్రేన్చింది.