మూత మీద చుక్క

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో మాత్రమే ఉండేది. ప్రయోగశాలలో అందరికీ ఆమె చుక్కక్క. రక్తం తీయడం, బొటనవేలంత సీసాల మూతల మీద సన్నటి నల్ల కలంతో సంఖ్యలు వేయడం ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆమె పని. పక్కన అంటించిన కాగితం చలిపెట్టెలో మంచుకి ఊడి రాలిపోతుంది. మూత మీది సిరా మాత్రం ఉంటుంది. కొత్తగా చేరిన విద్యార్థులకి ఆమె చెప్పే మొదటి పాఠం ఎప్పుడూ అదే.

"గుండ్రటి మూతకి తలా తోకా ఉండవమ్మా. ఈ 68ని తిప్పి చూడు, 89 అయి కూర్చుంటుంది. ఇలా తిరగబడితే వేషం మార్చేసే వాటికి అడుగున ఒక చుక్క పెట్టాలి. చుక్క ఉన్న వైపు పాదాలు. తెలిసిందా?"

"తెలిసింది చుక్కక్కా," అనేవాళ్ళు నవ్వుతూ. పేరు అలా అతుక్కుంది.

మూడేళ్ళ కిందట రెండు విశ్వవిద్యాలయాలు కలిసి ఒక పరిశోధన తలపెట్టాయి. పదే పదే కడుపు నిలవని ఆడవాళ్ళ జన్యువుల్లో కారణం వెతకడం. ఇక్కడివాళ్ళు రక్తం తీసి, శుభ్రం చేసి, సీసాల్లో పంపాలి. అవతలివాళ్ళు చదివి చెప్పాలి. తొంభై తొమ్మిది మంది వచ్చారు. అరవై ఎనిమిదో మనిషి చుక్కక్క సొంత చెల్లెలు.

చెల్లెలు ఇంట్లోనే పుస్తకాలకి అట్టలు కడుతుంది. అప్పటికి నాలుగుసార్లు నెల తప్పింది, నాలుగూ నిలవలేదు. ఆ రోజు అక్కే సూది గుచ్చుతుంటే కూడా ఊరుకోలేదు. "మెల్లగా అక్కా! చిన్నప్పుడు నా జడ లాగినట్టు లాగకు."

ఆరు నెలలకి కాగితం వచ్చింది. చెల్లెలి క్రోమోజోముల్లో రెండు ముక్కలు ఒకదాని చోట ఒకటి అతుక్కున్నాయని, కడుపు నిలవడం బహు కష్టమని. కింద చిన్న అక్షరాల్లో, ఇది పరిశోధన ఫలితమే, ఆసుపత్రిలో మరోసారి సరిచూసుకోండి అని ఉంది.

"నిన్ను మించిన ఆసుపత్రి ఎక్కడుందక్కా?" అంది చెల్లెలు. ఐదోసారి ఆశపడి ఐదోసారి కూలిపోయే ఓపిక లేదని, ఆ నెలలోనే ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించుకుంది. చిత్రమేమిటంటే, ఆ తర్వాత ఆమె ముఖంలో తెరిపి వచ్చింది. మెట్లు దిగినందుకు కాదు, బరువెత్తినందుకు కాదు, పుట్టుకలోనే అలా ఉందట అని ఎవరడిగినా చెప్పేది. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బీరువాలో చీరల మధ్య దాచుకుంది. ఎండిన పువ్వులా అది అక్కడ పలచబడుతూ ఉండేది.

ఈ ఏడు వానలు మొదలైన వారంలో ఎనభై తొమ్మిదో మనిషి వచ్చింది. చెప్పుల కొట్టు నడిపే ఆవిడ. గొడుగు మడవకుండానే గుమ్మంలో నిలబడింది.

"మీ కాగితంలో నాకే దోషమూ లేదన్నారు. ధైర్యం చేసి మళ్ళీ రెండుసార్లు చూశాను, రెండూ పోయాయి. నా కడుపుకి చదవడం రాదేమోనమ్మా?"

గొడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. చుక్కక్క మిగిల్చి దాచిన 89 సీసాని చలిపెట్టెలోంచి తీసింది. పొగలా లేచిన చల్లదనంలో మూతని వేళ్ళ మధ్య ఊరికే తిప్పింది. చుక్క కిందికి ఉంటే 89. చుక్క పైకి పోతే 68.

ఆమె సీసాని అలాగే పట్టుకుని ఫోను అందుకుంది.

ఫోనులో అవతలి ప్రయోగశాల కుర్రాడు హుషారుగా పలికాడు. "చుక్కా? తలమీద పెడతారు కదండీ! మా దగ్గర ఎప్పుడూ చుక్క ఉన్న వైపే పైకి. ఎందుకండీ?"

"ఏం లేదు బాబూ," అని పెట్టేసింది.

రెండు సీసాలూ మళ్ళీ చదివించారు. దోషం చెప్పుల కొట్టు ఆవిడది. చెల్లెలిలో ఏమీ లేదు. అలా తిరగబడినవి పది జతలు, ఇరవై మంది ఆడవాళ్ళు. పరిశోధన నడిపిన మేడం ఆ ఇరవై పేర్ల జాబితాని ముందుకి లాక్కుంది.

"అందరికీ ఉత్తరాలు రాద్దాం. నీ తప్పు లేదు, వాళ్ళ తప్పూ లేదు. చుక్క ఎటు అని ఎవరం అడగలేదు, అంతే."

"మా చెల్లికి ఉత్తరం వద్దు మేడం. నేను వెళ్తాను."

చెల్లెలు నేల మీద కూర్చుని అట్టకి జిగురు రాస్తోంది. "ఏంటక్కా, పనిరోజున వచ్చావు? ఉద్యోగం ఊడిందా?" అని నవ్వింది. చుక్కక్క పక్కన కూర్చుని, జిగురు డబ్బా మూత తీసుకుని, దాని మీద గోటితో 68 గీసి, అడుగున చుక్క పెట్టి చూపించింది. మూత తిప్పింది. మళ్ళీ తిప్పింది. చెప్పాల్సిందంతా చెప్పింది.

చెల్లెలి చేతిలోని కుంచె అట్ట మీదే ఉండిపోయింది. జిగురు ఒకేచోట ముద్దకట్టింది.

"నువ్వు చుక్క కిందే పెట్టావా?"

"కిందే."

"మరి నీ తప్పేముంది?" అని కుంచె పక్కన పెట్టి, "అంటే నాలో ఏమీ లేదా?" అంది.

"లేదు."

"మరి నలుగురూ ఎందుకు పోయారు?"

ఇరవై ఒక్క ఏళ్ళ పనితనంలో ఆ ప్రశ్నకి జవాబున్న సీసా ఒక్కటీ లేదు. "తెలియదే," అంది చుక్కక్క.

"ఆపరేషను పోతే పోయింది. ఉన్న ఒక్క కారణాన్నీ పట్టుకుపోవడానికి వచ్చావా అక్కా?" గొంతు పెంచలేదు. లేచి బీరువా తెరిచి, చీరల మధ్య నుంచి కాగితం తీసి అక్క ఒళ్ళో పెట్టింది.

"ఇది ఇంకొకావిడదేగా. ఇచ్చెయ్. ఆవిడకైనా ఎందుకో తెలుస్తుంది."

తర్వాత కూర్చుని, ముద్దకట్టిన జిగురుని వేలితో పలచగా సర్దడం మొదలుపెట్టింది. అది అప్పటికే ఎండిపోయింది. అయినా సర్దుతూనే ఉంది.