లోపల చిక్కుకున్న లారీ అక్షరాలు

ఇంతవరకూ నా మాట ఒక్కరూ పట్టించుకోలేదు. నేను పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ వాళ్ల సహాయ పేజీలో రాస్తే, "ఇలాంటి ప్రశ్న ఇంతకు ముందే వచ్చింది" అని నా ప్రశ్నను మూసేశారు. ఆ ప్రశ్న వేరు, నాది వేరు. చదివితే కదా తెలిసేది. అందుకే మొదటి నుంచి చెబుతున్నాను.

సాలూరులో నాది స్టిక్కర్ల దుకాణం. లారీల నుదుటి మీద పేర్లు కత్తిరించి అంటిస్తాను. కొత్త లారీ దిగితే, తండ్రి బండి మీదున్న అక్షరాలే కొడుకు బండి మీదా ఉండాలంటారు ఇక్కడ. అవే వంపులు, అవే కొమ్ములు. వాటిని గీసింది నేను. గీసిన ప్రోగ్రాం పాతది, కొత్త కంప్యూటర్‌లో తెరుచుకోదు. పాత కంప్యూటర్ కాలిపోయింది. ఎవరినీ నమ్మని మనిషిని కనుక ఫైళ్లూ, పాత సిస్టమ్ డిస్కూ ముందే దాచుకున్నాను.

విజయనగరంలో కంప్యూటర్లు బాగుచేసే మా బావకు ఫోన్ చేశాను. వాళ్ల గృహప్రవేశంలో నన్ను రెండో బంతిలో కూర్చోబెట్టిన బావే.

"వర్చువల్ మెషినెట్టుకో బావా. కంప్యూటర్లో ఇంకో కంప్యూటరన్నమాట. దాన్లో పాత సిస్టమేసీ, నీ ప్రోగ్రాం ఆడతాది."

"మరి దసరాకి లోపలిదానికి బొట్టెక్కడెట్టాల?"

"నీ నుదుటినెట్టుకో!"

దానికోసం మూడు సాఫ్ట్‌వేర్లు చూశాను. ఒకటి ఉచితమంటూనే నా ఫోన్ నంబరు అడిగింది. ఉచితమైతే నంబరెందుకు? ఇంకోదానిలో ప్రతి పనికీ ఆదేశాలు టైపు చెయ్యాలి. బావ మెచ్చుకున్నది దాన్నే. అడుగడుగునా తనను బతిమాలుకోవాలని కాకపోతే మరెందుకు? మూడోది కొత్తవాళ్ల కోసమని రాసి ఉంది. ఒక బొత్తాం నొక్కితే ఏ సిస్టమ్, ఎంత మెమరీ, ఎంత డిస్కు అని వరసగా అడిగింది. అంత సులువుగా ఉండటం నాకు నచ్చలేదు. అయినా అదే పెట్టాను.

ఫైళ్లు లోపలికి పంపాను. ప్రోగ్రాం తెరుచుకుంది. నా అక్షరాలన్నీ ఉన్నాయి. ఒక్కటీ చెడలేదు. అప్పుడే అనుమానం మొదలైంది. బస్టాండు దగ్గరి దుకాణంవాడు నా కొమ్ములు ఒకసారి కాజేశాడు. ఇదీ ఎవరికో పంపుతోందేమో! లోపలి కంప్యూటర్‌కి నెట్ తీసేశాను. రెండు కంప్యూటర్లూ కలిసి వాడుకునే ఫోల్డరు మూసేశాను. పెన్‌డ్రైవ్ దారీ, కాపీ చేసే దారీ కూడా మూసేశాను.

మర్నాడు ఒక లారీ యజమాని వచ్చాడు. తండ్రి పోయాడు, ఆయన బండి తుక్కుకి వెళ్లింది. ఆ అక్షరాలు నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు. కొత్త బండికి శుక్రవారం పూజ. తెర చూపించాను.

"అదే మావా! మా బాబు బండే!" అని తెర మీద వేలు పెట్టాడు. "మరి కోసీ."

"కోసే మెషిన్ బయటి కంప్యూటర్‌కుంది. అక్షరాలు లోపలున్నాయి, అక్కడే కోతకి పనికొచ్చేలా మార్చి బయటికి తేవాల. దారులన్నీ మూసీసేను."

"ఎవుడు మూయమన్నాడు? పోనీ ఫోన్తో ఫొటో తీసి గీసీ."

"వంపులు పోతాయిరా."

"సుక్కురారానికి నేకపోతే బస్టాండు కాడ ఏయించుకుంటాను. మాయమ్మ నీ కాడికొచ్చి ఏడుస్తాది, సూసుకో."

మళ్లీ బావకు ఫోన్ చేశాను. "ఫోల్డరొక్కటీ తెరు బావా, ఏటీ అవదు" అన్నాడు. గృహప్రవేశం రోజూ అంతే. "కాసేపాగు బావా, ఏటీ అవదు" అని నన్ను ఆకు ముందు నుంచి లేపాడు. అయింది, రెండో బంతిలో పడ్డాను.

అందుకే ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లనే అడుగుతున్నాను. నెట్ మూసే ఉంచి ఆ ఫోల్డరొక్కటే తెరిస్తే, అక్షరాలు నా బయటి కంప్యూటర్‌లోకి వచ్చి అక్కడే ఆగుతాయా? అవునో కాదో చెప్పండి. బండి నుదురు ఖాళీగా ఉంది, శుక్రవారం వస్తోంది. ఇంతకు ముందే వచ్చిన ప్రశ్న అనకండి. ఇది నా ప్రశ్న. దీనికి జవాబు చెప్పండి.