నా కారు కోసం తీయించిన స్పీడ్ బ్రేకర్

నేను చెప్పబోయేది మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నా భార్యకు కూడా. ఏళ్ల తరబడి గుండెల మీద పెట్టుకుని తిరుగుతున్నాను. అది జరిగిన చోటు నేను రోజూ పోయే దారిలోనే ఉంది, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మరిచిపోదామన్నా కుదరదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

మాది సిద్దిపేట. కోహెడలో నాకు ఎరువులు, విత్తనాల దుకాణం ఉంది. అటు వైపు మాకు భూములున్నాయి. తాతల నాటి పేరుంది, జనం ఇప్పటికీ పటేల్ అనే పిలుస్తారు. దుకాణానికి రోజూ వచ్చిపోవడానికని ఒక కారు కొన్నాను. పాతదే, కానీ ఎవరో ప్రేమగా చూసుకున్న తెల్ల కారు. కొన్న వారంలోనే దాన్ని కిందికి దించాలన్న కోరిక పుట్టింది. టైరుకూ దాని మీది రేకుకూ మధ్య వేలు పట్టే సందు కూడా లేకుండా, నేలకు అతుక్కుని పోయే కార్లను చూసినప్పుడల్లా నాకు ఊపిరి ఆగినంత పనయ్యేది. పెళ్లయి, పిల్లలున్న మనిషికి ఇదేం పిచ్చి? నాకూ అనిపించేది. అయినా పోలేదు.

తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. నెలల పాటు అదే చదివాను, అవే వీడియోలు చూశాను. పాత స్ప్రింగులను కోసేయడం ఒక దారి. చేసేవాళ్లు చేస్తారు గానీ బండి అదుపు తప్పుతుంది, అది వద్దనుకున్నాను. కొంచెం పొట్టి స్ప్రింగులు వేసి, వాటికి సరిపోయే షాక్ అబ్సార్బర్లు పెట్టడం రెండోది. బండి కాస్త దిగుతుంది, మెత్తగానే నడుస్తుంది, రోజూ తిరిగేవాడికి అదే సరైంది. మూడోది ఖరీదైన సెట్టు. స్ప్రింగు కింద మరలున్న రింగు ఉంటుంది, అది తిప్పి ఎత్తు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. నేను మూడోది తీసుకున్నాను. ఎత్తు మార్చుకునే వీలుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి అన్నిటికంటే కిందికి దిగేది అదేనని తీసుకున్నాను.

బిగించే రోజు మెకానిక్ సలీం ఒక్కటే అడిగాడు.

"అన్నా, ఇది రోజు తిరిగే బండా, ఫొటోలు దిగే బండా? ముందుగాల గది చెప్పు."

"రోజు తిరిగేదే."

"అయితే జర మీదనే ఉంచుదాం."

"వద్దు. పూరా దించు," అన్నాను.

పూర్తిగా దించాడు. అంత కిందికి దిగాక షాక్ అబ్సార్బర్‌కు కదలడానికి చోటే మిగలదు. ప్రతి గుంతా నేరుగా నడుముకు తగులుతుంది. వెనక సీట్లో పిల్లలు ఎగిరి పడేవారు. నా భార్య ఈ కారులో పుట్టింటికి రానంది. నేను మాత్రం కారు దిగిన ప్రతిసారీ వెనక్కి తిరిగి చూసుకునేవాణ్ని.

కోహెడ ఇవతల ఒక చిన్న ఊరు ఉంది. పేరు రాయను. ఆ ఊరి ముందు రోడ్డు మీద ఒక స్పీడ్ బ్రేకర్ ఉండేది. ప్రభుత్వం వేసింది కాదు. అక్కడ ఎల్లయ్య అనే గీత కార్మికుడి దూడను లారీ తొక్కితే, ఊరివాళ్లే కంకర, సిమెంటు కలిపి పోసుకున్నారు. మొరటుగా, ఎత్తుగా పోశారు. ఎల్లయ్య ఇల్లు రోడ్డుకు ఆనుకునే ఉంటుంది. అవతలి పక్క తాటిచెట్లు. రోజుకు ఎన్నిసార్లు ఆ రోడ్డు దాటేవాడో.

నా కారు దాని మీద సూటిగా ఎక్కేది కాదు. అడుగు భాగం గీసుకునేది. ఆ చప్పుడు వింటే నా ఒళ్లే గీసుకుపోయినట్టుండేది. ఎల్లయ్య చూసి, చేతిలో పని వదిలేసి రోడ్డు మీదికి వచ్చేవాడు. వంగి కారు కింద చూస్తూ, చేత్తో సైగ చేస్తూ, "మెల్లగ పటేలా, మెల్లగ. ఎడమకు కొట్టు. ఆగు. ఇగ రా," అని దాటించేవాడు. నేను అడగలేదు. ఆయనకు అదొక ముచ్చట. కానీ సాయంత్రం పూట అక్కడ కల్లు తాగడానికి కూర్చునేవాళ్లుంటారు కదా. ఒకరోజు వాళ్లలో ఎవడో, "పటేల్ కారు పాకుతున్నది రో," అన్నాడు. అందరూ నవ్వారు. ఎల్లయ్య నవ్వలేదు. అది నాకు గుర్తుంది. అయినా ఆ నవ్వే నాతో ఇంటిదాకా వచ్చింది.

రింగు తిప్పిస్తే సరిపోయేది. పొద్దున కారు తెచ్చి ఇస్తే మధ్యాహ్నానికల్లా ఎత్తు పెంచి ఇస్తానని సలీం అన్నాడు. టైరు మీద రెండు వేళ్ల సందు వచ్చేది, అంతే. ఆ రెండు వేళ్ల సందు నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు ఇది రాస్తుంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు. కానీ అదే నిజం.

వానలు పోయాక రోడ్డు గుంతలు పూడ్చడానికి మనుషులు వచ్చారు. ఎండ నడినెత్తిన ఉంది, ఊరంతా పొలాల్లో ఉంది. జేసీబీ ఒకటి ఆ స్పీడ్ బ్రేకర్ పక్కనే ఆగి ఉంది. నేను కారు ఆపి దిగాను. తెల్ల చొక్కా వేసుకుని ఉన్నాను. జేసీబీ డ్రైవర్‌తో మామూలుగా, వేళ ఎంతయిందని అడిగినంత మామూలుగా అన్నాను.

"గీ బ్రేకర్ గూడ తీసెయ్యమన్నరు."

"ఎవరన్నరు సార్?"

"పైనుంచే చెప్పిన్రు. నేను మాట్లాడిన."

ఎవరూ అనలేదు. నేను ఎవరితోనూ మాట్లాడలేదు. అతను నన్నూ, నా చొక్కానూ, కారునూ చూసి తల ఊపాడు. బొక్కెన ఒక్కసారి దించి లాగితే సగం లేచి వచ్చింది. మిగతాది చూడకుండా వెళ్లిపోయాను.

ఆ సాయంత్రం నా కారు ఆ ఊరి ముందు నీళ్ల మీద జారినట్టు వెళ్లింది. ఎల్లయ్య చెయ్యి ఊపితే ఆపాను. ఆయన కిటికీ దగ్గరికి వంగి, "రోడ్డోళ్లు తీసేసిన్రట పటేలా. ఇగ నీ కారుకు తిప్పల లేదు," అన్నాడు. ఆయన ముఖంలో నా కోసం సంతోషం ఉంది. తర్వాత అటూ ఇటూ చూసి, "మేం మళ్ల పోసుకోవాలె, పత్తి పనులు తీరినంక," అన్నాడు. అలాగే పోసుకోండి తాతా అన్నాను. ఆ మాట కూడా అన్నాను.

పత్తి పనులు తీరకముందే జరిగింది. దుకాణం మూసి వస్తున్నాను, ఇంకా వెలుతురుంది. ఆ చోట జనం గుమిగూడి ఉన్నారు. ఎల్లయ్య రోడ్డు పక్కన పడి ఉన్నాడు. చెట్టెక్కే మోకు ఇంకా భుజం మీదే ఉంది. ఒక మోటార్ సైకిల్ వేగంగా వచ్చి కొట్టి, ఆగకుండా పోయిందట. బ్రేకర్ ఉన్నప్పుడు ఎంత వేగంగా వచ్చేవాడైనా అక్కడ తగ్గాల్సి వచ్చేది. ఆయన ఎడమ కాలు వైపు చూడలేకపోయాను. అంబులెన్స్ ఎక్కడో దూరంలో ఉందన్నారు. ఎవరో నా కారు తలుపు తీశారు.

వెనక సీట్లో ఆయన భార్య లచ్చవ్వ ఒళ్లో ఆయన తల. సిద్దిపేట దవాఖానదాకా ఆ దారి ఎంత ఉందో నాకు అంతకుముందు తెలియదు. పూడ్చిన గుంతల అతుకులన్నీ నా కారుకు తగిలాయి. తగిలిన ప్రతిదీ ఆయన కాలికి తగిలింది. ఎంత నెమ్మదిగా నడిపినా లాభం లేదు, మెత్తగా దిగడానికి ఆ బండిలో చోటు లేదు కదా. నేనే లేకుండా చేశాను. ఆయన అరవలేదు. పళ్లు బిగించి, "మెల్లగ పటేలా, మెల్లగ," అంటూనే ఉన్నాడు.

కొంత దూరం పోయాక అడిగాడు.

"గా బ్రేకర్ ఎవలు తీయించిన్రో నీకేమన్న ఎరుకనా పటేలా?"

అద్దంలో చూశాను. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. లచ్చవ్వ నన్నే చూస్తోంది.

"ఎరుక లేదు తాతా," అన్నాను. "రోడ్డోళ్లే తీసిండొచ్చు."

చెప్పాల్సిన క్షణం అదే. నోటి దాకా వచ్చిందని అబద్ధం ఆడను. రాలేదు. నాకు అప్పుడు కలిగింది భయం మాత్రమే. జేసీబీ డ్రైవర్ ఎవరికైనా చెబుతాడా? నన్ను గుర్తుపడతాడా? కాలు విరిగిన మనిషి వెనక సీట్లో ఉండగా నేను ఆలోచించింది ఇది.

కాలిలో రాడ్ వేశారు. నడక వచ్చింది, కుంటుతూ. చెట్టు ఎక్కడం మాత్రం ఇక లేదన్నారు. చిన్నప్పటి నుంచి తాటిచెట్ల తలలు చూసి బతికిన మనిషి కిందే ఉండిపోయాడు. ఊరివాళ్లు నన్ను మెచ్చుకున్నారు. సమయానికి దేవుడిలా వచ్చావన్నారు. నేను కాదనలేదు. స్పీడ్ బ్రేకర్ మళ్లీ పోసినప్పుడు సిమెంటు పంపించాను, దానికీ మెచ్చుకున్నారు. ఆ సెట్టు తీయించి, కంపెనీ ఇచ్చిన మామూలు స్ప్రింగులు, షాక్ అబ్సార్బర్లు మళ్లీ వేయించాను. ఎందుకని సలీం అడిగితే నడుము నొప్పన్నాను. ఒక అబద్ధానికి ఎన్ని తోడు కావాలో చూడండి.

ఆ తర్వాత ఎల్లయ్య కర్ర పట్టుకుని ఇంటి ముందు కూర్చునేవాడు. నా కారు కనిపిస్తే లేచేవాడు. కొత్తవాళ్లెవరైనా పక్కనుంటే, "నా పానం కాపాడింది గీ పటేలే," అని చూపించేవాడు. నేను చెయ్యి ఊపేవాణ్ని. చెబుదామని రెండు మూడుసార్లు కారు ఆపాను. ఆపితే ఆయన మంచినీళ్లు ఇచ్చేవాడు. తాగి వెళ్లిపోయేవాణ్ని. చెబితే ఆయన బాధపడతాడని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఆయన బాధ కోసమా, నా పేరు కోసమా? మీరే చెప్పండి. నాకైతే తెలుసు.

మొన్న ఎండాకాలంలో ఎల్లయ్య పోయాడు. జ్వరం వచ్చింది, తగ్గలేదు. పదో రోజున నన్ను పిలిచారు. లచ్చవ్వ నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి, వచ్చినవాళ్లందరికీ ఆ రోజు సంగతి చెప్పింది. నేను తల దించుకుంటే అణకువ అనుకున్నారు. భోజనాలయ్యాక ఆమె పెరట్లో ఒంటరిగా కనిపించింది. ఎందుకో ఆ రోజు నా కాళ్లు కారు వైపు పోలేదు.

"అవ్వా, గా బ్రేకర్ తీయించింది నేనే," అన్నాను. "నా కారు తాకుతున్నదని, అబద్ధం చెప్పి తీయించిన."

ఆమె చేతిలోని గిన్నె కింద పెట్టింది. నా వైపు చూసింది. తిట్టలేదు, ఏడవలేదు.

"గీ మాట ఆయిన ఉన్నప్పుడు చెప్పకపోతివి," అంది. "నాకెందుకు చెప్తున్నవ్ ఇప్పుడు?"

ఆమె గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. ఊళ్లో నాకు మర్యాద ఎప్పటిలాగే ఉంది. ఆమె మాత్రం నా కారు వస్తుంటే ముఖం తిప్పుకుంటుంది. అది నాకు రావాల్సిందే. నా బరువు తీసి ఆమె నెత్తిన పెట్టానా అని ఆలోచిస్తుంటాను. పెట్టాననే అనిపిస్తుంది. క్షమించమని ఆమెను అడగలేదు, మిమ్మల్నీ అడగను. కానీ ఒకటి దాచను, దాచడం మానేశాను కాబట్టి. ఆ పెరట్లోంచి బయటికి వచ్చి కారులో కూర్చున్నాక చాలాసేపు తాళం తిప్పలేదు. సిగ్గుగా ఉంది, భయంగా ఉంది. అయినా ఎన్నో ఏళ్ల తర్వాత ఊపిరి లోపలిదాకా పోయింది.